రత్నం అంకుల్ చిల్లుల కాగితాలు

ఇత్తడి చెంబులు తోమడానికి చింతపండు నానబెట్టిన రోజు మా వంటింట్లో ఒక వాసన లేస్తుంది. మొదట పులుపు, దాని వెనకే లోహం. ఇత్తడి మీది నలుపు ఆ పులుపుకి కరిగి అడుగు నుంచి బంగారు రంగు తేలుతున్నప్పుడు వచ్చే వాసన అది. మా అత్తగారికి ఆ వాసన తగిలితే పండగ గుర్తొస్తుందట. నాకు మాత్రం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో, మేం అద్దెకున్న ఇంటి పక్కింటి గరాజ్ గుర్తొస్తుంది. అందులో ఒక పొడవాటి బల్ల, బల్ల మీద చిన్న తక్కెడ, గోడకి బిగించిన ఇనప బీరువా, బీరువాలో ఒక వేట రైఫిల్. బల్ల ముందు స్టూలు మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఊపిరి బిగబట్టి తుపాకి మందు తూచుకుంటున్న రత్నం అంకుల్. ఎలకని చూస్తే కుర్చీ ఎక్కేదాన్ని, గుడ్డు కూడా ముట్టనిదాన్ని, మూడేళ్లపాటు ఒక వేటగాడి గరాజ్‌లో ఏం చేశానో మా వాళ్లకి ఇప్పటికీ అర్థం కాదు. ఆయన్ని చూసి ఉంటే అర్థమయ్యేది. చూడనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు జయరత్నం. బాపట్ల వైపు మనిషి. న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం మొదలుపెట్టి, టెక్సస్‌లో మరో మందుల కంపెనీలో రిటైరయ్యారు. మాత్రల మన్నిక చూడటం ఆయన పని. మాత్రల సీసాల్ని వేడి గదిలో, చలి గదిలో, తేమ గదిలో నెలల తరబడి ఉంచి, ఏ గదిలో ఎప్పుడు పాడవుతున్నాయో కనిపెట్టి, సీసా మీద గడువు తేదీ వెయ్యడానికి లెక్క చెప్పేవారు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని జరుపుకునే తెలుగు ఆరాధనలో ఆయన సంఘ పెద్ద. పాట ఎత్తుకుంటే శ్రుతి ఒకవైపు, ఆయన ఒకవైపు అని ఆయన భార్య రూతు ఆంటీ మా ముందే అనేవారు. వేట మాత్రం ఆయనకి ఊరి నుంచి వచ్చింది కాదు. వేన్ అనే తెల్లవాడు, ఆఫీసులో పక్క సీటు మనిషి, నలభై దాటాక అంటించిన పిచ్చి అది.

ఇక నా సంగతి. వరంగల్‌లో స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని, పెళ్లయి ఫ్రిస్కో వచ్చాను. నాది హెచ్-ఫోర్, అంటే మొగుడి వీసా తోక పట్టుకుని వచ్చిన వీసా. ఉద్యోగం చెయ్యకూడదు. పొద్దున్నే మా ఆయన శ్రీధర్ ఆఫీసుకి వెళ్లిపోతే, కారు లేకుండా కాలు బయట పెట్టలేని ఊళ్లో, కార్పెట్ మీద వాక్యూమ్ గీసిన గీతలు ఎన్ని డిగ్రీల కోణంలో ఉన్నాయో చూసుకుంటూ కూర్చునేదాన్ని. చదువుకున్న బుర్రకి పని లేకపోతే అది ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. నాది శ్రీధర్ మీద పడుతోందని నాకు తెలుస్తూనే ఉండేది.

ఒకరోజు రూతు ఆంటీ పంపిన గోంగూర డబ్బా తిరిగివ్వడానికి వెళితే గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్లబోయాను. "అక్కడే ఆగమ్మా, గాలి వస్తే తక్కెడ ఊగుతుంది" అన్నారు అంకుల్, తల తిప్పకుండా. ఒక్కొక్క నలుసు పట్టకారుతో తీసి తక్కెడ పళ్లెంలో వేస్తున్నారు. ముల్లు కుదురుకున్నాక ఊపిరి వదిలి నా వైపు తిరిగి, నేల మీద చూపించారు. బల్లకి బారెడు దూరంలో అడ్డంగా నీలం టేపు అంటించి ఉంది.

"నీది హెచ్-ఫోర్ కదూ? ఆ గీత దాటి రాకు. నీ వీసా మీద తుపాకీ పట్టుకోకూడదు. తూటా పట్టుకోకూడదు. తూటాలోకి వెళ్లే ఏ సరుకూ ముట్టుకోకూడదు. రేపు నీ గ్రీన్‌కార్డ్‌కి అడ్డం పడితే శ్రీధర్‌కి నేనేం జవాబు చెప్పను?"

"నేను ఏమీ ముట్టుకోను అంకుల్. మీరు చేస్తుంటే చూస్తే తప్పయితదా?"

"చూడ్డానికి వీసా అక్కర్లేదులే" అని, గీత ఇవతలికి ఒక మడత కుర్చీ జరిపారు.

ఆ రోజు తెలిసిన సంగతి ఇది. బజారులో అమ్మే తూటాలు అన్ని రైఫిళ్లకీ సరిపోయేలా చేస్తారు. అందుకని ఏ రైఫిల్‌కీ పూర్తిగా నప్పవు. ప్రతి రైఫిల్‌కీ తనదైన రుచి ఉంటుంది. పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని దాచుకుని, శుభ్రం చేసి, మళ్లీ మందు పోసి, కొత్త గుండు కూర్చి, ఇంట్లోనే తూటా తయారుచేసుకోవచ్చు. దాన్నే హ్యాండ్‌లోడ్ అంటారు. మందు ఒక నలుసు ఎక్కువైతే ఒకలా, గుండు గోరంచు లోతుకి దిగితే ఒకలా కాలుతుంది. పప్పన్నంలో నెయ్యి ఇంతే పడాలి, ముద్ద ఇంతే ఉండాలి అని మారాం చేసే పిల్లలుంటారే, వాళ్లకి అన్నం పెట్టడం లాంటి పని. ఆయన రైఫిల్ ఏం తింటుందో ఆయనకి ఇంకా దొరకలేదు. దొరకలేదని రుజువుగా గోడ నిండా చిల్లులు పడ్డ కాగితాలు వేలాడుతున్నాయి.

"ఇవి ముట్టుకోవచ్చా?" అన్నాను.

ఆయన ఒక కాగితం గోడ మీంచి తీసి అందించారు. "కాగితమే కదా. ఎంతసేపైనా పట్టుకో."

అలా మొదలైంది. ఆయన వీలున్న నెలల్లో వారానికోసారి ఊరి బయట షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చి, చిల్లుల కాగితాలు తెచ్చి నాకిచ్చేవారు. నేను గీత ఇవతల కూర్చుని స్కేలు పెట్టి కొలిచేదాన్ని. మూడేళ్లలో ఆ రైఫిల్ కాలుతుండగా ఒక్కసారి కూడా చూడలేదు. నాకు తెలిసిందల్లా అది కాగితం మీద వదిలిన అడుగుజాడలే. శ్రీధర్‌కి మొదట్లో భయం వేసింది. "గన్స్ ఉన్న ఇంటికి ఎందుకు పోతున్నవ్? ఏమన్నయితే ఇమిగ్రేషన్‌ల ఏం చెప్పాలె?" అన్నాడు. నీలం టేపు గురించి చెప్పాను. ఒక శనివారం తనే వచ్చి ఆ టేపు చూసి, అంకుల్‌తో చాయ్ తాగి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అదీగాక, నేను ఇంట్లో అరవడం తగ్గిందని తను కూడా గమనించినట్టున్నాడు.

కొన్ని వారాలయ్యాక అడిగాను, ఇంత అవస్థ ఎందుకు అంకుల్, బజారు తూటాతో కొట్టేవాళ్లు లేరా అని. ఆయన గొట్టాలన్నీ ఒక వరసలో సర్దారు. తర్వాత చెప్పారు. అంతకుముందు శీతాకాలం వేన్‌తో వేటకి వెళ్లినప్పుడు, దూరంగా నిలబడ్డ ఒక జింకని కొట్టారట. అది పడలేదు. వెనక్కాలు ఈడ్చుకుంటూ పొదల్లోకి వెళ్లిపోయింది. చీకటి పడేదాకా వెతికారు. తెల్లారి మళ్లీ వెతికారు. నెత్తుటి చుక్కలు ఒక వాగు దాకా వెళ్లి ఆగిపోయాయి.

"దాన్ని తిననూ లేదు, చంపనూ లేదు. నొప్పి పెట్టి పంపించాను. ఎక్కడ పడి ఎన్నాళ్లకి చచ్చిందో ప్రభువుకే తెలుసు. ప్రార్థనకి మోకరిస్తే ఆ కాలు ఈడ్చడమే కళ్లముందు కనపడుతుందమ్మా" అన్నారు. "కొట్టకూడని దూరం అని నాకు అప్పుడు తెలీదు. ఈ రైఫిల్ నా మాట ఎంత దూరం వరకు వింటుందో తేలేదాకా ఇంక ప్రాణమున్న దానిమీద గురిపెట్టను."

నాకు వేట అంటే ఇష్టం లేదు. ఆ మాట ఆయనకి చెప్పాను కూడా. ఆయన నొచ్చుకోలేదు. కోడికూర తినేవాడు కోడి ప్రాణానికి జవాబుదారీ అని మర్చిపోయి బతకొచ్చు, తనకి అలా మర్చిపోవాలని లేదు అన్నారు. ఒప్పుకోకపోయినా ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. వయోమింగ్ రాష్ట్రంలో ప్రాంగ్‌హార్న్ వేటకి అనుమతి లాటరీ తీసి ఇస్తారు, ఆయన ఏటా అందులో పేరు వేస్తున్నారు. నల్లటి పొట్టి కొమ్ములున్న జింక లాంటి జంతువు అది. చెట్టూ చేమా లేని మైదానంలో తిరుగుతుంది, కాబట్టి దూరం నుంచే కొట్టాలి. లాటరీలో పేరు వచ్చేలోగా రైఫిల్ సంగతి తేల్చుకోవాలి. అదీ మా ముందున్న పని.

మొదటి తగువు ఒక చిన్న కాగితం దగ్గర వచ్చింది. ఒకరోజు ఆయన కారు దిగీ దిగకముందే నన్ను పిలిచారు. కాగితం మీద మూడు చిల్లులు, మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి మినపగింజంత. "దొరికిందమ్మా. ఇదే" అన్నారు. ముఖం వెలిగిపోతోంది. నేను కాగితం అటూ ఇటూ తిప్పి, అదే కొలతతో ఇంకో రెండుసార్లు కాల్చుకు రమ్మన్నాను.

"ఎందుకు? కళ్లముందు కనిపిస్తోంది కదా."

"గోడ మీద ఇన్ని కాగితాలున్నయి అంకుల్. అన్నిట్ల ఒకటి చిన్నగ రాకపోతేనే నాకు అనుమానం రావాలె. అది మందు గుణమో, అదృష్టమో మూడు చిల్లులు ఎట్ల చెప్తయి?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నట్టు ఆయన ఎంతసేపటికీ ఆ మూడు చిల్లుల్ని వదల్లేదు. నాతో మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. కాసేపటికి రెండు గ్లాసులు మజ్జిగతో తిరిగొచ్చి, ఒకటి గీత మీదుగా అందించి, వచ్చే వారం కాల్చి తెస్తానన్నారు. తెచ్చారు. మినపగింజ కాస్తా రేగిపండయింది. ఆయన ఆ చిన్న కాగితాన్ని గోడ మీంచి తీసి, మడిచి చెత్తబుట్టలో వేశారు. అంత ముద్దుగా చూసుకున్నదాన్ని అలా పారెయ్యగలగడం నాకు వింతగా అనిపించింది. నేనైతే ఇంకో నెల దాచుకునేదాన్ని.

రెండో తగువులో నేను ఓడిపోయాను. బాగా వచ్చిన ఒక కాగితం మీద ఒకే ఒక చిల్లు గుంపుకి దూరంగా పడింది. చెయ్యి వణికి ఉంటుంది, దీన్ని లెక్కలోంచి తీసేద్దాం అన్నాను. క్లాసులో మేం అలాగే చేసేవాళ్లం. గుంపులో చేరని దాన్ని పక్కన పెట్టడానికి దానికో పేరు, ఒక సూత్రం కూడా ఉన్నాయి. అంకుల్ ఒప్పుకోలేదు.

"చెయ్యి వణికినట్టు నాకు తెలిసిందా? తెలిస్తే కాల్చిన వెంటనే చెప్పేవాణ్ణి. చిల్లు చూశాక చెప్పకూడదు. అది కూడా నేను కాల్చిందే, నా మందే, నా రైఫిలే. ఆ జింకకి తగిలింది ఇలాంటిదే కదమ్మా."

నేను స్కేలు తీసి ఆ చిల్లుని కూడా కలిపి మళ్లీ కొలిచాను. అప్పటినుంచి ఆయన ఒక పద్ధతి పెట్టారు. కాల్చిన మరుక్షణం, కాగితం చూడకముందే, ఆ దెబ్బ మంచిదో చెడ్డదో చెప్పెయ్యాలి. చూశాక మాట మార్చకూడదు. నాకూ ఒక పద్ధతి పెట్టారు. కాగితం విప్పకముందు ఈ వారం గుంపు ఏ మాత్రం ఉంటుందో నేను చెప్పాలి. మొదట్లో పందెంలా సరదాగా చెప్పేదాన్ని. ఎన్ని వారాలు తప్పు చెప్పానో, మనసు ఎప్పుడూ ఒకే వైపుకి ఎలా తప్పుతుందో చూసుకున్నాక సరదా తగ్గి ఆసక్తి పెరిగింది. మనకి కావలసినదాన్ని మనం ఎంత తేలిగ్గా నమ్ముతామో పుస్తకంలో చదవడం వేరు, వారం వారం మడత విప్పి చూసుకోవడం వేరు.

చింతపండు సంగతి రెండో ఏడాది జరిగింది. గుంపులు బాగా కుదురుకుంటున్నాయి అనుకుంటుండగా ఒక్కసారిగా చెదిరిపోయాయి. ఏం మార్చలేదంటారు అంకుల్. మందు అదే, గుండు అదే, తక్కెడ అదే. నాలుగు వారాలు తల పట్టుకున్నాం. కొత్త మందు డబ్బా తెరిచారు, తక్కెడ మార్చారు, గురి చూసే దుర్భిణి మరలు విప్పి బిగించారు. నేను కాగితాలన్నీ నేల మీద పరిచి చూస్తుంటే ఒకటి కనపడింది. చిల్లులు చెదిరిపోలేదు. రెండు గుంపులుగా విడిపోయాయి. పైన ఒకటి, కింద ఒకటి.

"అంకుల్, ఇవి ఒక్క రకం తూటాలు కావు. రెండు రకాలున్నయి" అన్నాను.

"ఒకటే రకం. నా చేత్తో చేశాను."

"మీరు చేసింది ఒకటే రకం కావచ్చు. కాగితం మాత్రం రెండంటున్నది."

అప్పుడే లోపల్నుంచి చాయ్ తెస్తున్న రూతు ఆంటీ ఆగిపోయారు. "ఆ ఇత్తడి గొట్టాలా? నల్లగా మకిలి పట్టి ఉంటే సగం నేనే తోమాను కదండీ, చింతపండు పెట్టి. మా అమ్మ బిందెలు అలాగే తోమేది. ఎంత తళతళా వచ్చాయో చూడలేదా మీరు?" అన్నారు.

అంకుల్ ఒక గొట్టం తీసి దీపానికి ఎదురుగా పట్టుకుని లోపలికి చూశారు. కాలిన గొట్టం మెడలో సన్నటి మసి పొర ఉంటుంది. గుండుని దాంట్లోకి నొక్కినప్పుడు ఆ మసే నూనె రాసినట్టు జారనిస్తుంది. చింతపండు మసిని కూడా ఊడ్చేసింది. తోమిన గొట్టాల్లో గుండు పట్టుకుపోతోంది, తోమనివాటిలో జారుతోంది. అందుకే రెండు గుంపులు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కారణం ఇంట్లో పెట్టుకుని తుపాకి మందు చేసే కంపెనీ దాకా అనుమానించాం. ఆయన కోప్పడతారనుకున్నాను. పడీ పడీ నవ్వారు. "ముప్పై ఏళ్లు లాబ్‌లో ఉన్నాను రూతూ, నీ చింతపండుని ఎవరూ పరీక్షించలేదు" అన్నారు. ఆంటీకి మాత్రం ఆ నవ్వు నచ్చలేదు. అంత మెరిసే గొట్టాలు పనికిరావంటే ఎలా ఒప్పుకుంటారు.

మూడో వేసవికి రైఫిల్ రుచి తెలిసింది. ఏ వారం కాల్చినా, మేమిద్దరం ఏది ముందు చెప్పినా, గుంపు ఒకేలా వచ్చింది. ఐదు వందల గజాల దగ్గర కూడా చిల్లులన్నీ అరచేతి కింద దాగేవి. వయోమింగ్ ఎత్తు ప్రాంతం, గాలి పలచన, గుండు కాస్త పైకి తగులుతుంది అని ఆ లెక్క కూడా నేను వేసి ఇచ్చాను. ఆ ఏడాదే లాటరీలో ఆయన పేరు వచ్చింది. అక్టోబరులో వేన్ ట్రక్కులో బయల్దేరారు. వీధి మలుపు తిరిగేదాకా నేనూ ఆంటీ వాకిట్లో నిలబడి చూశాం. నా పాఠాలు విన్న పిల్లలు పరీక్ష రాయడానికి వెళ్లినప్పుడు కూడా నాకు అంత గాభరా కలగలేదు.

మూడో రోజు పొద్దున్నే ఫోను మోగింది.

"సునీతా, వేటకి ఇంకా దిగలేదు. నిన్న సాయంత్రం ఇక్కడ కాగితం పెట్టి కాల్చి చూశాను. అన్నీ కిందికి దిగాయి" అన్నారు అంకుల్.

"ఎంత?"

"మూడు వందల గజాల దగ్గర వేలెడు. ఐదు వందల దగ్గర బెత్తెడు పైనే. అక్కడ గుంపు కూడా సరిగా నిలవలేదు."

"అక్కడ చలి ఎట్లుంది అంకుల్?"

"ట్రక్కులో నీళ్ల సీసా గడ్డకట్టింది" అన్నారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. రేంజ్ తెరిచి ఉండేది శని, ఆదివారాలే. శీతాకాలం శనివారాలు క్రిస్మస్, ఆ తర్వాత ఈస్టర్ పాటల సాధన, ఆదివారాలు ఆరాధన. అందుకని రేంజ్‌కి వెళ్లిందంతా టెక్సస్ ఎండాకాలంలోనే. చలికి మందు మెల్లగా మండుతుంది, గుండు వేగం తగ్గుతుంది. మా కాగితాల్లో ఒక్కటి కూడా చలిలో కాల్చింది కాదు.

"నా ఉద్యోగం ఏంటి సునీతా?" అన్నారాయన. "వేడి గది, చలి గది. ముప్పై ఏళ్లు నేను చేసిందేంటి?"

దీపం కిందే చీకటి అంటారు గాని, ఆ చీకట్లో ఆయన పక్కన నేనూ ఉన్నాను. వేన్ ఏమంటున్నాడని అడిగాను. ఆ బెత్తెడు లెక్కేసి పైకి గురిపెడితే సరిపోతుందంటున్నాడట. చూడ్డానికి సబబుగానే ఉంది. ఒక గీత గీసి ఇంత చలికి ఇంత కిందికి అని నేను కూడా చెప్పెయ్యగలను. కానీ మా దగ్గరున్నది ఒక్క సాయంత్రపు కాగితం. రేపు ఎండ కాస్తే ఏమిటి, తూటా జేబులో వెచ్చగా ఉంటే ఏమిటి, రైఫిల్‌లో చల్లబడితే ఏమిటి. ఆయనకి మంచి జవాబు ఇవ్వాలని ఎంతగా ఉందో, ఆ కోరికని చూసి అంతగా భయమేసింది.

"నాకు తెల్వదు అంకుల్" అన్నాను. "అంత దూరంల ఏమైతదో నాకు నిజంగ తెల్వదు."

ఆయన నీరుగారిపోతారనుకున్నాను. ఫోనులో గాలి హోరు వినిపిస్తోంది. "సరే. నీకు తెలియనిది ఎంత దూరం నుంచి మొదలవుతుందో చెప్పు" అన్నారు.

ఒక గంట అడిగాను. వంటింటి నేల మీద పాత కాగితాలన్నీ పరుచుకుని, ఆయన చెప్పిన కొత్త కొలతలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. స్టవ్ మీద పప్పు మాడిపోయింది. ఫోను చేసి చెప్పాను. "రెండు వందల యాభై గజాలు. అంతవరకు ఎండయినా, చలయినా మీ గుండు మీరనుకున్న చోటే పడతది. దాని పైన నేను మాట ఇయ్యలేను."

ఆయన ఆ అంకె ఇంగ్లీషులో వేన్‌కి చెప్పడం, వేన్ గట్టిగా నవ్వడం వినిపించాయి. ప్రాంగ్‌హార్న్ చూపు దుర్భిణి పెట్టుకున్నవాడి చూపు. ఆ బోడి మైదానంలో మనిషిని అది అంత దగ్గరికి రానివ్వదట. ఎన్నో ఏళ్లకి వచ్చిన లాటరీ నా ఒక్క మాటతో గంగపాలు చేశానా అని నాకు బెంగ పట్టుకుంది. తర్వాత ఫోను రాలేదు. మైదానంలోకి దిగాక సిగ్నల్ ఉండదని ఆంటీ చెప్పినా వినకుండా, రోజూ ఏదో వంకతో వాళ్లింటికి వెళ్లేదాన్ని.

ఆయన వచ్చిన రోజు ఆంటీ ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి మోచేతుల్లోంచి ముళ్లు తీస్తున్నారు. రెండు మోచేతులూ గీరుకుపోయి ఉన్నాయి. ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగిపోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఆయనే చెప్పారు. మొదటి రెండు రోజులు మందలు కనపడ్డాయి, అన్నీ నాలుగు వందల పైనే. కొట్టమని వేన్ రెండుసార్లు చెవిలో చెప్పాడు. రెండుసార్లూ ఆయన రైఫిల్ దించేశారు. ఆఖరి రోజు ఎండిపోయిన వాగు గట్టు చాటున, గాలికి ఎదురుగా, రైఫిల్ మోచేతుల మీద పెట్టుకుని, నేలబారు ముళ్లజెముళ్ల మీదుగా పొద్దున్నుంచీ పాకారు. అరవై దాటిన మనిషి. దూరం కొలిచే పరికరంలో చూస్తే రెండు వందల ముప్పై చిల్లర చూపించింది.

"అది నిలబడ్డ చోటే పడిపోయిందమ్మా" అన్నారు. ఆంటీ ముల్లు తియ్యడం ఆపారు. "వెతకాల్సిన పని లేకపోయింది."

ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నేను గోడకేసి చూశాను. మాంసం ముట్టని నేను, ఒక జంతువు చావు గురించి విని, ఆయనతోపాటు ఏడ్చాను. దాన్ని ఎలా సమర్థించుకోవాలో ఇప్పటికీ తెలియదు. కాసేపటికి ఆయనే తేరుకుని నవ్వారు. "వేన్ ఏమన్నాడో తెలుసా? ఇంత దగ్గర్నుంచైతే బజారు తూటాతోనే కొట్టేవాళ్లం, మూడేళ్లు నువ్వూ ఆ అమ్మాయీ చేసిందంతా వృథా అన్నాడు."

"మీరేమన్నరు?"

"అవునన్నాను. కానీ ఆ మూడేళ్లు లేకపోతే నేను మొదటిరోజే, నాలుగు వందల పైనుంచే, కొట్టేసేవాణ్ణి అన్నాను."

మరుసటి ఏడాది నాలాంటి హెచ్-ఫోర్ వాళ్లు కొందరికి పని చేసుకునే వీలు వచ్చింది. నేను వెళ్లిన మొదటి ఇంటర్వ్యూ ఒక మందుల కంపెనీలో. ఇన్నేళ్లు ఏం చేశావని అడిగితే, పక్కింటాయన కాగితాల మీద చిల్లులు చదివాను అన్నాను. వాళ్లు నవ్వి, ఒక మాత్ర పరీక్షల లెక్కలు ముందు పెట్టి, ఎన్ని నెలల గడువు వెయ్యొచ్చు అన్నారు. ఎంతవరకు చెప్పగలనో చెప్పాను. ఆ పైన ఏమిటంటే తెలియదన్నాను. ఎందుకు తెలియదో, ఏం చేస్తే తెలుస్తుందో కూడా చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. ఆ సంగతి చెబితే అంకుల్, చలి గది పరీక్ష చేశారో లేదో ముందు అడుగు అన్నారు.

ఆయన పోయారు. ఆ రైఫిల్ వేన్ దగ్గరుంది. నేను ఇప్పటికీ అదే పనిలో ఉన్నాను. లెక్క అందంగా వచ్చిన రోజు ఇంకోసారి చేయించి అందరితో తిట్లు తింటాను. గుంపులో చేరని అంకెని కొట్టేద్దామని కుర్రాళ్లు వస్తే, అది కూడా మన మాత్రే కదా అంటాను. మీటింగుల్లో నా అభిప్రాయం అడుగుతారు, నేను చెబుతాను, వాళ్లు రాసుకుంటారు. నాకు తెలిసినదేమిటో అడిగేవాళ్లు ఈ దేశంలో తర్వాత చాలామంది దొరికారు. నాకు తెలియదన్న మాటని నమ్మి, ముళ్ల మీద మోచేతులతో పాకిన మనిషి మాత్రం ఆయనొక్కరే.